వెలిసిపోయిన కారు పెయింట్: అపోహలు - వాస్తవాలు

గాజువాకలో కార్ డీటెయిలింగ్ (బండి కడిగి, పాలిష్ చేసి మెరుపు తెచ్చే) పని నాది. ఎండలు ముదిరాయంటే చాలు పాత బండ్ల వాళ్లు వరసపెట్టి వస్తారు, అందరిదీ ఒకటే మాట, "అన్నా, రబ్బింగ్ కొట్టి కొత్తదానిలా చేసెయ్". రబ్బింగ్ అంటే కాంపౌండ్ అనే గరుకు పేస్టు రాసి, మిషన్‌తో పెయింట్ పైభాగం కాస్త అరగదీసి మెరిపించడం. కొన్ని బండ్లు నిజంగానే కొత్తవాటిలా అయిపోతాయి, కొన్ని మాత్రం మిషన్ ఎంతసేపు తిప్పినా అవ్వవు. ఎందుకో తెలియక డబ్బులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ, అందుకే రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: రబ్బింగ్ కొడితే ఏ పెయింట్ అయినా తిరిగొస్తుంది

అసలు పైన ఉన్నదేంటో ముందు చూడాలండీ. పాత అంబాసిడర్, పద్మిని, మొదట్లో వచ్చిన మారుతి 800 లాంటి వాటికి చాలావరకు రంగే పై పొర, దాని మీద క్లియర్ కోట్ (రంగు లేని పారదర్శకమైన పై పొర) ఉండదు. ఎండకి పైన రంగుని పట్టి ఉంచే రెజిన్ చచ్చిపోయి రంగు పొడిలా తేలుతుంది, వేలితో రుద్దితే సుద్దలా అంటుకుంటుంది, ఎరుపు బండి అయితే గులాబీ రంగులోకి దిగిపోతుంది. ఆ చచ్చిన పొర తీసేస్తే కింద అసలు ఎరుపు అలాగే ఉంటుంది, నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే మజా ఇచ్చేది ఇదే, సగం బోనెట్ చేసి ఓనర్‌ని పిలిచి చూపిస్తే వాళ్ల మొహం చూడాలి.

తర్వాత వచ్చిన బండ్లు, ముఖ్యంగా మెటాలిక్ కలర్లు, వేరే లెక్క. రంగు పల్చటి పొర, దాని మీద క్లియర్ కోట్. గీతలు పడి మసకబారింది క్లియరే అయితే పాలిష్‌తో వస్తుంది. కానీ రూఫ్ మీదా బోనెట్ మీదా తెల్లటి మచ్చలొచ్చి, అంచులు ఉల్లిపొరలా లేస్తుంటే మాత్రం ఎంత ఖరీదైన కాంపౌండ్ తెచ్చినా దండగే, పోయిన క్లియర్‌ని ఏ పాలిషూ వెనక్కి తేలేదు, ఆ ప్యానెల్ మళ్లీ పెయింట్ చేయించాల్సిందే.

మీ బండి ఏ రకమో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. డోర్ కింద భాగంలో కనపడని చోట తెల్లగుడ్డకి కొంచెం కాంపౌండ్ రాసి రుద్దండి, గుడ్డకి బండి రంగు అంటితే క్లియర్ లేనట్టు, అంటకపోతే ఉన్నట్టు (తెల్ల బండికి నల్లగుడ్డ వాడండి, లేకపోతే ఏం కనపడుద్ది?). ఇంకోటి, వెలిసిన చోట నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు రంగు నిండుగా కనిపిస్తే పాలిష్‌కి ఆశ ఉంది, నీళ్ల కింద కూడా తెల్లమచ్చ అలాగే కనిపిస్తే ఆశ వదులుకోండి.

అపోహ: ప్రతి దసరాకి రబ్బింగ్ చేయిస్తే బండి మెరుస్తూనే ఉంటుంది

మెరుస్తుంది, పెయింట్ ఉన్నంతకాలం. కంపెనీ పెయింట్ మొత్తం కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), అందులో క్లియర్ 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన. కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి, పోయినవి మళ్లీ రావు. ఇంక బాడీ లైన్లు, అంచుల దగ్గర పెయింట్ ఇంకా పల్చగా ఉంటుంది, అక్కడ ఉన్ని ప్యాడ్ పెట్టి రోటరీ మిషన్ స్పీడుగా తిప్పితే క్షణాల్లో రంగు కింద వేసిన ప్రైమర్ బయటపడుతుంది. అంచులకి టేప్ వేయకుండా మిషన్ ఎత్తేవాడికి బండి ఇవ్వకండి. పెయింట్ మందం గేజ్ పెట్టి కొలిచేవాళ్లయితే ఇంకా మంచిది, 300 మైక్రాన్లు దాటి చూపించిందంటే అక్కడ లప్పం గానీ రీపెయింట్ గానీ పడినట్టే, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

అపోహ: సెరామిక్ కొట్టిస్తే వెలిసిన రంగు తిరిగొస్తుంది

సెరామిక్ కోటింగ్ అంటే పెయింట్ మీద పూసే ఒకటి రెండు మైక్రాన్ల పారదర్శకమైన పొర, అంతే. కింద మసక ఉంటే మసకే లోపల సీలైపోతుంది. కడగడం, క్లే (అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద), కాంపౌండ్, పాలిష్ అన్నీ అయ్యాకే కోటింగ్. 9హెచ్ అని గొప్పగా చెప్తారు కదా, అది పెన్సిల్ గట్టిదనంతో కొలిచిన లెక్క, హైవే మీద రాయి తగిలితే ఆపేది కాదు. వాక్స్ సంగతీ అంతే, ఉన్న మెరుపుని కాపాడుతుంది గానీ లేనిది తేదు.

అపోహ: తెల్ల బండి మీద నారింజ చుక్కలంటే బాడీకి తుప్పు పట్టినట్టే

ఇది మా వైజాగ్ స్పెషల్. పోర్టులో ఇనుప ఖనిజం, ఇటు స్టీల్ ప్లాంటు, గాల్లో వచ్చే సన్నటి ఇనుప రేణువులు పెయింట్ మీద కూర్చుని అవి తుప్పు పడతాయి, బాడీ కాదు. ఐరన్ రిమూవర్ స్ప్రే చేస్తే ఊదారంగులో కారిపోతాయి, మిగిలినవి క్లే బార్‌తో వస్తాయి. ఇవి తియ్యకుండా నేరుగా మిషన్ పెడితే ఆ రేణువులే ప్యాడ్‌లో ఇరుక్కుని బండంతా గీస్తాయి.

టూత్‌పేస్ట్, కిరోసిన్, కొబ్బరినూనె... ఒక్క ముక్కలో చెప్తా. నూనె రెండ్రోజులు మెరిసి దుమ్ము పట్టేస్తుంది, కిరోసిన్ రబ్బర్ బీడింగ్‌ని పాడుచేస్తుంది, టూత్‌పేస్ట్ హెడ్‌లైట్‌కి కొన్నాళ్లు బాగానే అనిపిస్తుంది కానీ పైన ఎండని ఆపే యూవీ పొర లేదు కాబట్టి మళ్లీ పసుపే.

కవర్ వేస్తే చాలనుకునేవాళ్లు కూడా వినండి, దుమ్ము మీద కవర్ వేసి గాలికి అది అటూ ఇటూ ఊగితే వాటర్ పేపర్ (గరుకు కాగితం) కొట్టినట్టే. కడిగి వేయండి, లేదా షెడ్డు చూసుకోండి.

అపోహ: ఎలాగూ పెయింట్ వేయిస్తున్నాం, రంగు మార్చేస్తే పోలే

మార్చొచ్చు, కానీ ఆర్టీవో దగ్గర ఆర్సీలో రంగు మార్పించుకోవాలి. 15 ఏళ్లకి రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బండి ఒక రంగు, ఆర్సీ ఒక రంగు అయితే మీకే తిప్పలు. అదే రంగు మళ్లీ వేయిస్తే ఏ గొడవా లేదు.

ఒక్క రూఫో బోనెట్టో మాత్రమే వేయిస్తుంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది జాగ్రత్త. కలర్ కోడ్ చూసి కొత్త బండి షేడ్ కలిపిస్తే పక్కనున్న పాత ప్యానెల్స్‌తో అసలు కలవదు, అవి ఇన్నేళ్లూ ఎండలో ఉన్నవాయె. ముందు మిగతా బండంతా పాలిష్ చేయించి, అప్పుడు వచ్చిన రంగు పక్కన పెట్టి షేడ్ కలపమని పెయింటర్‌కి చెప్పండి. చాలామంది ముందు పెయింట్ వేయించేసి తర్వాత నా దగ్గరికి పాలిష్‌కి వస్తారు, అప్పటికి కొత్త ప్యానెల్‌ని వెలిసిన రంగుకే కలిపేసి ఉంటారు, నేను పక్కవాటిని మెరిపించగానే తేడా ఇంకా ఎక్కువ కొడుతుంది.