కర్బూజా చప్పగా ఉంటే తప్పు దోసపాదుది కాదు: అపోహలు - వాస్తవాలు

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టాక, సంక్రాంతికి అటూఇటూగా నెల్లూరు, ప్రకాశం తీరపు ఇసుక నేలల్లో విత్తిన కర్బూజా మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకొస్తుంది. చేలోనూ బండి దగ్గరా వినబడే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: పక్కన దోస వేస్తే కర్బూజా చప్పబడుతుంది.

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఈ మాట ఇన్నాళ్లు నిలిచింది. పప్పులో వేసుకునే పసుపు దోసకాయ, కర్బూజా రెండూ ఒకే జాతి, శాస్త్రనామం కుకుమిస్ మెలో. తేనెటీగ ఒకదాని పుప్పొడిని రెండోదానికి మోస్తే సంకరం జరుగుతుంది. కానీ ఆ కలయిక గింజలోనే ఉంటుంది. కాయ కండ తల్లిమొక్కది, ఈ ఏటి తీపికి ఏమీ కాదు. ఆ గింజలు దాచి వచ్చే ఏడు విత్తితే మాత్రం సగం దోస, సగం కర్బూజా లాంటి కాయలొస్తాయి. సొంత విత్తనం తీసేవాళ్లు పూత విచ్చే ముందురోజు సాయంత్రం కాయ కట్టే మొగ్గకు కాగితం సంచి కట్టి, పొద్దున్నే అదే రకం మగపువ్వు పుప్పొడి అద్ది, మళ్లీ సంచి కట్టాలి. కీర సంగతి వేరు. దానికి 7 జతల క్రోమోజోములు, కర్బూజాకు 12 జతలు. వాటి మధ్య సంకరం కుదరదు. హైబ్రిడ్ గింజ దాస్తే పక్కన దోస లేకపోయినా గుణం చెదిరిపోతుంది.

మరి చప్పదనం ఎక్కడిది? ఎక్కువసార్లు ఆకుది. కాయకు తీపి పంపేది ఆకే. కోతకు రెండు వారాల ముందు బూడిద తెగులో, బూజు తెగులో ఆకును మాడిస్తే కాయకు సైజు ఉంటుంది గానీ రుచి ఉండదు. తీగకు ఐదారు కాయలు వదిలేసినా అంతే. రెండు మూడు ఉంచి మిగతా పిందెలు తుంచాలి. తర్వాత నీరు: పిందె ఊరేటప్పుడు తడి తగ్గకూడదు, కోతకు వారం ముందు తగ్గించాలి. బరువు తూగుతుందని ఆఖర్లో నీళ్లు దట్టిస్తే తీపి పలచబడుతుంది, కాయ పగులుతుంది.

అపోహ: పచ్చికాయను గడ్డిలో మగ్గబెడితే తియ్యబడుతుంది.

అరటిలో పిండి నిల్వ ఉంటుంది, అది మగ్గేకొద్దీ చక్కెర అవుతుంది. కర్బూజాలో ఆ నిల్వ లేదు. కోశాక మెత్తబడుతుంది, వాసన పెరుగుతుంది, తీపి మాత్రం కోసిన రోజు ఎంతో అంతే. కార్బైడ్ పెట్టినా తీపి రాదు, పైగా అది చట్టం నిషేధించిన పని. వలగీతల రకాల్లో తొడిమె చుట్టూ సన్నటి పగులు వచ్చి, బొటనవేలితో నెడితే ఊడిపోవాలి. దగ్గరి సంతకు అలాంటిది, దూరం పోయే లారీకి సగం పగులు పడినది కోయాలి. కొనేవాళ్లు తొడిమె చోటు చూడండి: నున్నటి గుంట ఉంటే పండాక ఊడింది, కత్తితో కోసిన తీగముక్క మిగిలితే తొందరపడి కోసింది. గీతల మధ్య ఆకుపచ్చ పోయి లేతపసుపు రావాలి. గీతలు దట్టంగా ఉండటం తీపికి గుర్తు కాదు. అవి తొక్క చిట్లి, బెండులా మానిన చారలు. నున్నటి తెల్లకాయ రకాలు తొడిమె వదలవు, వాటిని రంగు చూసే కోయాలి.

అపోహ: కాంటలూప్ అంటే వలగీతల కర్బూజాయే.

ఆ పేరు ఇటలీలో రోమ్ దగ్గరి కాంటలూపో ఊరిది. యూరప్ అసలు రకానికి తొక్క మీద గాడులుంటాయి, వల ఉండదు. వలకాయను ఆ పేరుతో పిలవడం అమెరికా అలవాటు.

అపోహ: తొక్క తినం కదా, కడగడం ఎందుకు?

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇది. 2011లో అమెరికాలో కర్బూజాల ద్వారా పాకిన లిస్టీరియా అనే బ్యాక్టీరియా 33 మందిని బలిగొంది. వలగీతల్లో చిక్కిన మట్టిని, సూక్ష్మజీవుల్ని కత్తి కండలోకి తోస్తుంది. కండలో పులుపు లేదు కాబట్టి అవి హాయిగా పెరుగుతాయి. కాయను కోయకముందే, కుళాయి ధార కింద గట్టి బ్రష్‌తో రుద్ది, పొడిబట్టతో తుడవండి. కోసిన ముక్కలు బయట రెండు గంటలే, 32 డిగ్రీలు దాటితే గంటే. మన వేసవిలో రోజంతా గంటలోపే అనుకోండి. బండి మీద పొద్దున కోసిపెట్టిన ముక్క సాయంత్రం పిల్లలకు పెట్టకండి.

అపోహ: పాలతో కలిస్తే విషమే.

విషం కాదు. ఈ కాయలో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైము ఉంది, నిలవ ఉంచితే పాలు చేదెక్కుతాయి. మిల్క్‌షేక్ కలిపిన వెంటనే తాగాలి.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు ముట్టకూడదు.

100 గ్రాముల్లో చక్కెర సుమారు 8 గ్రాములు, 34 కేలరీలు. చిన్న కప్పు ముక్కలు తినొచ్చు, రసం తీసి పంచదార కలపడం మానాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి, అదే 100 గ్రాముల్లో పొటాషియం 267 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. డాక్టరును అడిగే తినాలి.

గింజలు పారేయకండి. రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున రుద్ది జిగురు పోగొట్టి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, సన్నటి సెగ మీద వేయించండి. పొట్టు ఒలిస్తే వచ్చే పప్పు కూరల గ్రేవీకి జీడిపప్పులా చిక్కదనం ఇస్తుంది.