మా తాత దొర మనిషేనా సార్? (అపోహలు - వాస్తవాలు)

హన్మకొండల హిస్టరీ చెప్త, సెలవులొస్తే జనగామ, పాలకుర్తి దిక్కు వోయి ముసలోళ్ల ముచ్చట్లు రికార్డు చేస్త. వాట్సాప్‌ల "నిజాం కాలంల దొర గడీల (కోటసొంటి ఇంట్ల) పని చేసినోళ్లంత ద్రోహులే" అనే ఫార్వర్డ్ చూసుడు, నాకు ఫోన్ కొట్టుడు: "మా తాత గడీల జీతమున్నడంట సార్, మాది ద్రోహుల ఖాందానేనా?" పాపం, కొందరైతే గొంతు వణుకుతుంటది.

అపోహ: దొర పని చేసినోళ్లు, నోరు మూసుకున్నోళ్లు అందరు దొర దిక్కే.

అట్లెట్ల అయితది? గడీ నడిచిందే ఊరోళ్ల చేతులతోని. భూమి ఎవని పేరు మీద ఎక్కాల్నో పట్వారీ చేతుల ఉండె, సుంకరి పిలుపు మోసేటోడు, చాకలి మంగలి కుమ్మరి వెట్టి చేసేటోళ్లు, రానంటే దెబ్బలొక్కటే గాదు, రేపు పహాణీల (భూమి రికార్డుల) పేరు మారితే పిల్లల బువ్వ పాయె. పేరు మార్చినోడు, పిలుపు మోసినోడు ఒక్కటేనా? అట్లని అందరు అమాయకులే అని గూడ అనను. పక్కోని చెలక మీద కన్నేసి చాడీలు మోసినోడు ఉన్నడు, వానిది భయం గాదు. 1946 జులై 4న కడవెండిల దొరలకు ఎదురు నిలిచిన సంఘం మనిషి దొడ్డి కొమరయ్యను కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులే, వాళ్లేమన్న పట్నం నుంచి నిజాం ఫర్మానా (హుకుం) పట్టుకొని దిగిన్రా?

ఒక అవ్వ చెప్పింది, వాళ్ల నాయిన సుంకరి. పగటీలి గడీ పిలుపులు మోసేటోడు, అదే మనిషి రాత్రి సంఘపోళ్లకు "పొద్దుగాల వస్తున్నరు, జరుగుండ్రి" అని చెప్పొచ్చేటోడంట. మంచిగ చెప్తాంది, ఇంతల మనుమడొచ్చి "ఇంటి పరువు తీస్తున్నవ్, బంజెయ్" అన్నడు. అయిపాయె, మళ్ల ఎన్నిసార్లు వోయినా అవ్వ నోరిప్పలే. ద్రోహి అనే ఒక్క మాటకు భయపడి ఇండ్లకు ఇండ్లే నోరు మూసుకుంటున్నయి, ఫార్వర్డులు కొట్టెటోళ్లకు ఇది ఎప్పుడు సమజైతదో.

మిగతావి జల్ది చెప్త.

"రజాకార్లు రాకముందు అంత మంచిగుండె": వెట్టి, నజరానా (దొరకు ఇచ్చుకునే కానుక) నిజాం దిక్కు సాయుధ దళమైన రజాకార్ల కన్న ఎంతో ముందటియి.

"ముస్లింలంత నిజాం దిక్కే": రజాకార్లకు ఎదురు రాసిన ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టుల ఎందుకు చంపిన్రో చదువుండ్రి.

"1948 సెప్టెంబర్ 17తోని భయం ఖతం": ఆనాడు నిజాం లొంగిపోయినా, పారిపోయిన దొరలు మిలిటరీ వెంట మళ్ల ఊర్లల్లకొచ్చిన్రు, 1951 అక్టోబర్ల కమ్యూనిస్టులు సాయుధ పోరాటం ఆపేదాక అరెస్టులు, క్యాంపులు నడుస్తనే ఉండె.

ఇంకోటి, ఉర్దూల ఉన్నయని పాత పహాణీలు, రశీదులు చెత్తల పారేస్తున్నరు, పారెయ్యకుండ్రి. ఉర్దూ చదివే దోస్తు ఉన్నడు, ఫోటో తీసుకొని మీ కాయితాలు మీకే ఇస్త, పేర్లు బయట పెట్ట.