‘మా బంటిగాడిని మేమే చంపుకున్నాం’: ఒక పశువైద్యురాలి అపోహలు - వాస్తవాలు

పన్నెండు, పద్నాలుగేళ్లు ఇంట్లో తిరిగిన చిన్న కుక్క పోయాక మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే. “డాక్టర్‌గారూ, ఆ ఇంజెక్షన్ ఇప్పించి తొందరపడ్డామా?” నయంకాని జబ్బుతో బాధపడే కుక్క నొప్పి లేకుండా పోవడానికి ఇచ్చే ఇంజెక్షన్ (యూథనేషియా) గురించే వాళ్ల మాట. ఏడాది గడిచాక కూడా అడుగుతారు. కొత్త కుక్కపిల్లకి టీకా వేయించడానికి వచ్చి, డబ్బులు కట్టేసి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి మరీ అడుగుతారు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ఇంజెక్షన్ ఇప్పించడమంటే చంపడమే. దాని మానాన వదిలేస్తే హాయిగా పోతుంది.

వాస్తవం: చాలావాటికి ఆ అదృష్టం లేదు. ఎక్కడో ఒక కుక్క నిద్రలోనే కన్నుమూసి ఉంటుంది, దాని కథే కాలనీ అంతా తిరుగుతుంది. మన ఇళ్లలో పమేరియన్ అని పిలుచుకునే తెల్లకుక్కల (చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివే, అది వేరే గొడవ) లాంటి చిన్నజాతుల్లో ముసలితనంలో వచ్చే గుండెజబ్బు అంటే ఎక్కువగా మైట్రల్ వాల్వ్ (గుండెలో ఎడమవైపు గదుల మధ్య ఉండే కవాటం) జబ్బే. వాల్వ్ సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి పోతుంది, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పుడది పడుకోలేదు. మెడ చాపి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి రాత్రంతా కూర్చునే ఉంటుంది. కిడ్నీలు పాడైనదానికైతే నోట్లో పుళ్లు, ఆగని వాంతులు, కొన్నిటికి ఫిట్స్. “తోక ఊపుతోంది కదండీ” అంటారు. మిమ్మల్ని చూసి ఊపుతోంది, నొప్పి లేక కాదు.

అయినా వాయిదా వేస్తారు. అమావాస్య వెళ్లనివ్వండి అంటారు, శుక్రవారం వద్దంటారు, అమెరికా నుంచి అబ్బాయి వచ్చి చూసుకోవాలంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు, అందుకే కసురుకోను. కానీ ఆ నాలుగు రోజులూ ఊపిరి కోసం కొట్టుకునేది అది. పాపం తగులుతుందని ఫోన్లో చెప్పే చుట్టాలెవరూ రాత్రి రెండింటికి దాని పక్కన కూర్చోరు.

అసలు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మొదట మత్తు ఇస్తాం. మీ ఒళ్లోనే నిద్రపోతుంది. ఆ తర్వాతే ముందుకాలి నరంలోంచి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఎక్కిస్తాం. మన దగ్గర ఎక్కువగా వాడేది థయోపెంటోన్. ముందు స్పృహ పోతుంది, తర్వాత శ్వాస, ఆ తర్వాత గుండె ఆగుతాయి. స్టెతస్కోప్ పెట్టి నిర్ధారించుకున్నాకే మీకు చెప్తాం. మెలకువగా ఉన్న కుక్కకి, మత్తు ఇవ్వకుండా ఇంకేదో ఎక్కించేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, గట్టిగా అడగండి.

ఇక జనాన్ని ఏళ్ల తరబడి తినేసేది ఆ తర్వాతి రెండు నిమిషాలు. కళ్లు తెరుచుకునే ఉంటాయి. ఒకటి రెండు సార్లు గుటక వేసినట్టు ఊపిరి లాగుతుంది. కాలో పెదవో అదురుతుంది, మూత్రం పోతుంది. “చివర్లో నావైపు చూసింది, బతికే ఉంది” అని ఒక రిటైర్డ్ టీచరమ్మ ఎన్ని నెలలు కుమిలిపోయారో! కళ్లు మూయడానికి కూడా కండరం పనిచేయాలి తల్లీ. అది పనిచేయదు గనకే తెరుచుకుని ఉంటాయి. ఆ అదురు కండరాల్లో మిగిలిన కదలిక మాత్రమే, ఆ సమయానికి దానికి ఏదీ తెలియదు. ఆవిడకి ఆ రోజు ఈ నాలుగు ముక్కలూ చెప్పినవాళ్లు లేరు.

ఎప్పుడు అన్నది ఎలా తెలుస్తుంది? గోడ క్యాలెండర్ మీద రోజూ టిక్కో ఇంటూనో పెట్టండి. తానంతట తాను లేచిందా, ఇష్టంగా తిన్నదా, నిద్రపోయిందా అని చూసి పెట్టండి. గుండెజబ్బు ఉంటే అది నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్పై దాటుతూ ఉంటే ఆ రోజే ఫోన్ చేయండి, మందుల మోతాదు మారిస్తే చాలాసార్లు ఇంకొంత మంచికాలం దొరుకుతుంది. ఇంటూలు పెరిగిపోతున్నాయంటే మాత్రం కుదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. అలా ఆలోచించి తెచ్చినవాళ్లు తొందరపడ్డవాళ్లు కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

నొప్పికి బ్రూఫెన్ సగం బిళ్ల వేస్తే చాలట! నాలుగు కిలోల కుక్కకి అది కడుపులో పుండు పెట్టి, కిడ్నీల్ని కూడా దెబ్బతీయొచ్చు. వాట్సాప్ వైద్యం దయచేసి ఆపండి.

ఇంటికి రావాల్సిన గండం అది తీసుకుపోయిందంటారు. ఆ మాటతో మనసు కుదుటపడితే కాదనను. కానీ ఏ జబ్బుతో పోయిందో కనుక్కోవడం మానేయకండి, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రంతో వ్యాపించే బ్యాక్టీరియా జబ్బు) అయితే ఇంట్లో మనుషులకీ సోకుతుంది.

పిల్లలకి ఊరికి పంపించామని చెప్పకండి. ఒక రెండో తరగతి పిల్లాడు సంక్రాంతికి వెళ్లి తాతగారి ఊరంతా వెతికాడు. చనిపోయింది, ఇక రాదు అని చెప్పండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి.

వెంటనే ఇంకో కుక్కపిల్లని తెచ్చుకుంటే బాధ పోతుందన్నది అందరికీ కుదరదు. పాతది పార్వోతో (కుక్కలకి వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) పోయి ఉంటే అసలు తొందరపడొద్దు. ఆ వైరస్ నెలల తరబడి నేలని పట్టుకుని ఉంటుంది. ఫినాయిల్‌ని నమ్ముకోకండి, బ్లీచ్‌తో కడగాలి. కొత్తపిల్ల టీకాలు పూర్తయ్యాకే ఇంట్లో అడుగుపెట్టాలి.

“కుక్కే కదా” అనేది ఇంకోటి. మా నాన్న అచ్చం ఇదే మాట అన్నారు మా టింకూ పోయినప్పుడు. అది గేటు సందులోంచి రోడ్డు మీదకి జారిపోయే రకం. అందుకని ఆయన గేటు తీసేముందు సందుకి కాలు అడ్డం పెట్టేవారు. అది పోయి ఎంతకాలమైనా ఆ కాలు అలాగే అడ్డం పెట్టేవారు. అమ్మ చూసి కూడా ఏమీ అనేది కాదు. బాధ పైకి ఏడిస్తేనే ఉన్నట్టు కాదు, ఏడ్చినంత మాత్రాన అతి చేస్తున్నట్టూ కాదు. తిండీ నిద్రా వారాల తరబడి పట్టకపోతే మనుషుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి, “కుక్క పోయింది” అనే చెప్పండి, సిగ్గుపడకండి.

ఖననం విషయం. ఇంజెక్షన్ మందు శరీరంలో ఉండిపోతుంది, లోతు తక్కువైతే తవ్వి తిన్న వీధికుక్కలు కూడా పోవచ్చు. మూడు నాలుగు అడుగులు తవ్వించండి, బావికీ బోరుకీ దూరంగా. మిగిలిపోయిన గుండె మందులు మీ బీపీ బిళ్లల డబ్బాలో కలపకండి. స్ట్రిప్ తెరవనివి, గడువు దాటనివి ఉంటే క్లినిక్‌లో ఇచ్చేయండి. పిమోబెండాన్ అనే గుండె మందు చాలామందికి భారమైన ఖర్చు, ఎవరో ఒకరి కుక్కకి పనికొస్తుంది.