మోదుగ పూసింది, చూశారా?

చిరంజీవులైన నా మనవలకు, మనవరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. శివరాత్రి దాటింది, పెద్దలు అనే మాట ప్రకారం చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోయింది. వసంతం ఎప్పుడొస్తుందని చిన్నవాడు ఫోనులో అడిగాడు. పంచాంగం ప్రకారమైతే చైత్ర వైశాఖాలు వసంత ఋతువు, ఉగాది దానికి మొదటి రోజు. కానీ దాని కబురు మాఘ ఫాల్గుణాలలోనే, ఆకు రాలుతున్న శిశిరంలోనే మొదలవుతుంది. ఉగాది పచ్చడిలో వేసే వేపపువ్వు ఆ వేళకు సిద్ధంగా ఉండాలంటే చెట్టు ఎంత ముందుగా మేలుకోవాలో ఆలోచించండి.

నిన్న చెరువుగట్టు మీద మోదుగ చెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. విస్తళ్ళు కుట్టుకునే ఆకులన్నీ రాలిపోయి, కొమ్మల నిండా పూలే ఉన్నాయి. మొగ్గ అడుగున ముట్టుకుంటే మఖమల్‌లా మెత్తగా ఉండే నల్లని తొడుగు, అందులోంచి చిలుక ముక్కులా వంగిన నారింజరంగు రేక. సంస్కృతంలో దీనిని కింశుకమంటారు, ‘ఇది చిలుకేమో’ అన్నట్టు. చెప్పుకోదగ్గ వాసన లేకపోయినా తేనె ఉంటుంది కనుక గోరువంకలు కొమ్మ కొమ్మకూ దూకుతూ పూలలో తలలు దూరుస్తున్నాయి.

మీరుండే హైదరాబాదులో మోదుగ కనబడకపోతే చింత లేదు. రోడ్ల పక్కన కానుగ చెట్లు పాత ఆకు రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేత పచ్చని చిగురు వేస్తాయి. రావి చిగురు, మామిడి చిగురు రాగిరంగులో ఉంటాయి. మామిడి చిగురాకును వేళ్ళతో పట్టుకొని చూడండి, తడిసిన గుడ్డలా వేలాడుతుంది. దానిలో పత్రహరితం ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం లేత ఆకును తీవ్రమైన ఎండ నుంచి కాపాడుతుందని వృక్షశాస్త్రం చెబుతుంది.

ఈ సంగతి తెలిసి ఉండి కూడా నేను ఒకసారి పొరపాటు చేశాను. బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక పాప మామిడి కొమ్మకు ఎర్రని ఆకులు వేస్తే, ఆకుపచ్చ రంగు వేయమని దిద్దించాను. మర్నాడు ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా ఒక చిగురు తెచ్చి నా బల్లమీద పెట్టింది. ఆ ఎరుపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. బొమ్మ వేయడమంటే ముందు చూడడమని నాకు నేర్పింది ఆ పిల్లే. అందుకే చెబుతున్నాను, ఫోనులోని బొమ్మను చూసి వేయకండి, చెట్టు దగ్గరకు వెళ్ళి వేయండి.

కోయిల విషయంలోనూ అంతే. మామిడి చిగుళ్ళు మేసి పాడుతుందని కవులు అన్నారు గాని, దాని ముఖ్యమైన ఆహారం పండ్లు. ‘కూ’ అని స్వరం పెంచుకుంటూ పోయేది నల్లని మగపక్షి. గోధుమరంగు ఒంటిమీద తెల్లని చుక్కలుండే ఆడపక్షి ‘కిక్ కిక్’ మంటుంది, గుడ్లు కాకిగూటిలో పెడుతుంది. ముందు వినండి, తరువాత కొమ్మల్లో వెతకండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఒకే చెట్టును ఎంచుకొని, వారానికొకసారి లేత ఆకు, మొగ్గ, పువ్వు, పిందె ఏది ఎంత ఉందో తేదీతో రాయండి, పక్కనే బొమ్మ వేయండి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో మన దేశంలోని బడిపిల్లలు ఎందరో ఇలాగే చెట్లను చూసి నమోదు చేస్తున్నారు. మన పెరటి మామిడి పూతకు ఈసారి తేనెమంచు పురుగు పట్టింది. ఆకులు జిగటగా ఉన్నాయి, మీ తాతయ్య దిగులుగా ఉన్నారు. అది కూడా నా పుస్తకంలో రాశాను.

ఈ కవరులో ఎండిన మోదుగ పూలు కొన్ని పెట్టాను. వాటిని వేడినీళ్ళలో వేయమని అమ్మను అడిగి, రాత్రంతా నానబెట్టండి. పసుపు, నారింజ కలిసిన రంగు దిగుతుంది. మీ మొదటి బొమ్మ దానితో వేసి నాకు పంపండి, కోయిల మొదట ఏ రోజు కూసిందో వెనకవైపు రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ