నురగతో తోడుకునే సబ్బు

గిన్నెలు తోమిన నీళ్లను ఇంకాస్త పలచన చేసి, స్ట్రా పెట్టి ఊదండి. బుసబుసా నురగ పొంగుతుంది. దాన్ని గరిటెతో తీసి వేరే గిన్నెలో వేస్తే కాసేపటికి విరిగి నీరవుతుంది. ఆ నీటిలో సబ్బు, అడుగున మిగిలిన నీటిలో కంటే చిక్కగా ఉంటుంది. నీళ్లలో కలిసిన సబ్బును గాలితో వెనక్కి తీసే పద్ధతి ఇదే. మరిగించే పని లేదు, వడపోత లేదు.

వాడుకలో సబ్బు అంటున్నా, షాంపూల్లో, డిటర్జెంట్లలో పనిచేసే ఈ పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు. వీటి అణువుకు నీళ్లంటే ఇష్టపడే తల, నీళ్లంటే పడని తోక ఉంటాయి. బుడగ పైకి లేస్తుంటే దారిలో తగిలిన అణువులు దానికి అతుక్కుంటాయి. తల నీళ్లలో, తోక బుడగ లోపలి గాలిలో.

బుడగ ఎంత చిన్నదైతే అంత లాభం. లీటరు గాలిని 1 మిల్లీమీటరు వ్యాసమున్న బుడగలుగా వదిలితే వాటి ఉపరితలం మొత్తం 6 చదరపు మీటర్లు, అంటే చిన్న గది నేలంత. 1 సెంటీమీటరు బుడగలైతే అందులో పదో వంతే.

అసలు నేర్పంతా నురగ పుట్టాకే. కొత్త నురగలో బుడగలు గుండ్రంగా ఉంటాయి, వాటి మధ్య బోలెడు నీళ్లు. అప్పుడే ఎత్తేస్తే సబ్బుకంటే నీళ్లే ఎక్కువ వస్తాయి. పొడవాటి గొట్టంలో నిదానంగా ఎక్కనిస్తే ఆ నీళ్లు కిందికి జారతాయి, బుడగలు ఒకదాన్నొకటి ఒత్తుకుని పలకలు పలకలుగా మారతాయి. మూడు పొరలు కలిసే అంచుల్లో సన్నటి కాలువలు ఏర్పడతాయి. నీళ్లు దిగేది వాటిలోంచే. 19వ శతాబ్దపు బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో పేరే వాటికి పెట్టారు. అలాగని మరీ ఆలస్యమైతే బుడగలు దారిలోనే పగిలి, మోసుకొచ్చిన సరుకు మళ్లీ కిందికే పోతుంది. గాలి జోరు పెంచితే సబ్బు ఎక్కువే వస్తుంది కానీ పలచగా. తగ్గిస్తే చిక్కగా, కొంచెమే. నడిపేవాళ్ల టెన్షనంతా ఇక్కడే.

తమాషా ఏంటంటే, సబ్బు మరీ ఎక్కువున్నా ఈ పని సరిగ్గా సాగదు. సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్ లీటరు నీటికి సుమారు 2.3 గ్రాములు దాటితే, అదనపు అణువులు తోకలు లోపలికి ముడుచుకుని గుంపులు కడతాయి. గుంపులో తోకకు నీళ్ల బాధ లేదు, ఇక బుడగతో పనేముంది?

మంటలార్పే నురగల ద్వారా నీళ్లలో చేరిన పీఫాస్ రసాయనాలను (ఫ్లోరిన్ ఉన్న, ఓ పట్టాన విరగని సర్ఫాక్టెంట్లను) తీయడానికీ ఇప్పుడు ఇదే వాడుతున్నారు. తోక పొడవైనవి తేలిగ్గా బుడగ ఎక్కుతాయి. పొట్టి తోకవి మొండికేస్తాయి. వాటికి జంట కట్టే విరుద్ధ విద్యుదావేశమున్న మరో సర్ఫాక్టెంట్‌ను కావాలనే నీళ్లలో కలుపుతారు.