ఊరు రాసుకున్న చార్టర్, రాష్ట్రం గీసిన గీత

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లానో, పడమరగా ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారు సిటీ మేనేజర్ అనే పదవి గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడు, 'మన మున్సిపల్ కమిషనర్ లాంటివాడు' అని సరిపెట్టుకోవడం మామూలే. పైపైన చూస్తే పోలిక కుదురుతుంది. ఇద్దరూ ఎన్నికైనవారు కారు, ఇద్దరి కిందా వందల మంది ఉద్యోగులు పనిచేస్తారు, బడ్జెట్ ముసాయిదా ఇద్దరి బల్లల మీదా తయారవుతుంది. అయితే వారిని నియమించేది ఎవరు, తీసేసేది ఎవరు అని అడిగితే ఆ పోలిక అక్కడే విడిపోతుంది. విజయవాడ కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో తెస్తుంది, మరో ఉత్తర్వుతో బదిలీ చేస్తుంది. ఆ రెండు ఉత్తర్వుల్లోనూ మేయర్ సంతకానికి చోటు లేదు. ఫ్రిస్కో సిటీ మేనేజర్‌ను పెట్టుకునేదీ, వద్దనుకుంటే పంపించేదీ ఆ ఊరి సిటీ కౌన్సిలే; రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చున్న గవర్నర్‌కు అందులో ప్రమేయం లేదు. ఆ తేడా అంతా చార్టర్ అనే ఒక పత్రం నుంచి వచ్చింది.

చార్టర్‌ను ఆ ఊరి రాజ్యాంగం అనుకోవచ్చు. కౌన్సిల్‌లో ఎంతమంది ఉండాలి, ఎన్నేళ్లు ఉండాలి, వార్డుల వారీగా ఎన్నుకోవాలా ఊరంతా కలిసి ఎన్నుకోవాలా, మేయర్‌కు ఏయే అధికారాలు ఉండాలి, ఓటర్లు సంతకాలు సేకరించి ఒక ఆర్డినెన్సును, అంటే కౌన్సిల్ చేసిన స్థానిక చట్టాన్ని, రద్దు చేయించవచ్చా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఈ మాట మనకు కొత్తది కాదు. మద్రాసు కార్పొరేషన్ పుట్టింది ఈస్టిండియా కంపెనీ 1687లో ఇచ్చిన చార్టర్‌తోనే. కాకపోతే అది పైనుంచి దయచేసిన పత్రం. టెక్సస్‌లో నేడు చార్టర్ అంటే ఊరివారే కూర్చుని రాసుకుని, ఊరివారి ఓటుతో అమల్లోకి తెచ్చుకునేది. అక్కడ కూడా అది మొదటి నుంచీ అలా లేదు.

1876 నాటి టెక్సస్ రాజ్యాంగం ప్రకారం చిన్న ఊళ్లు అందరికీ వర్తించే సాధారణ చట్టాల కింద నడిచేవి. పది వేల జనాభా దాటిన ఊరికి మాత్రం శాసనసభ ప్రత్యేక చట్టంతో చార్టర్ ఇచ్చేది. ఇది గౌరవంలా కనిపించినా, ఆచరణలో పెద్ద తలనొప్పిగా మారింది. చార్టర్‌లో ఒక చిన్న వాక్యం మార్చుకోవాలన్నా, కొత్త బాండ్లు జారీ చేయాలన్నా నగర పెద్దలు ఆస్టిన్‌కు వెళ్లి శాసనసభ్యులను బతిమాలుకోవలసి వచ్చేది. టెక్సస్ శాసనసభ రెండేళ్లకు ఒకసారి మాత్రమే మామూలు సమావేశం జరుపుతుంది కాబట్టి, ఆ సమావేశంలో పని కాకపోతే ఊరి డ్రైనేజీ కాలువ మరో రెండేళ్లు ఆగినట్టే.

దీని వెనుక ఒక న్యాయ సిద్ధాంతం కూడా ఉంది. అమెరికా రాజ్యాంగంలో నగర ప్రభుత్వాల ప్రస్తావనే లేదు. ఆ ఖాళీని 1868లో అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిల్లన్ ఒక రైల్వే వివాదంలో పూరించారు. నగరాలను పుట్టించేది శాసనసభ, ప్రాణం పోసేదీ తీసేదీ అదే, కాబట్టి చట్టం స్పష్టంగా ఇచ్చిన అధికారాలకు మించి నగరానికి ఏవీ ఉండవని ఆయన నిర్ధారించారు. ఈ కఠిన సూత్రానికి ఎదురుగా 1875లో మిస్సోరీ రాష్ట్రం తన కొత్త రాజ్యాంగంలో సెయింట్ లూయిస్ నగరానికి సొంత చార్టర్ రాసుకునే హక్కు ఇచ్చింది, 1879లో కాలిఫోర్నియా అదే బాట పట్టింది. అక్కడివారు దాన్ని హోమ్ రూల్ అన్నారు. మన స్వాతంత్ర్యోద్యమంలో వినిపించిన హోమ్ రూల్ ఐర్లండ్ నుంచి వచ్చిన దేశ స్థాయి డిమాండ్. ఇది మాత్రం ఊరి స్థాయిది.

టెక్సస్‌లో ఈ ఆలోచనకు ఊపు తెచ్చింది న్యాయశాస్త్రం కాదు, తుపాను. 1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్ దీవిని ముంచెత్తిన ఉప్పెనలో కనీసం 6,000 మంది చనిపోయారు. అప్పటి ఆ ఊరి జనాభా 38 వేల లోపే. దివిసీమ ఉప్పెన తెలిసినవారికి ఆ దృశ్యాన్ని వేరే వర్ణించనక్కరలేదు. ఊరి మీద అప్పటికే అప్పులున్నాయి, వార్డుల నుంచి ఎన్నికైన పాత కౌన్సిల్ ఇంత పని ఎత్తుకోగలదన్న నమ్మకం వ్యాపార వర్గాలకు లేదు. వారు ఒక కొత్త పద్ధతి తయారు చేసి 1901లో శాసనసభ చేత చార్టర్‌గా మంజూరు చేయించుకున్నారు. మేయర్‌తో కలిపి ఐదుగురు కమిషనర్లు ఉంటారు; తక్కిన నలుగురిలో ఒకరికి ఆర్థికం, ఒకరికి నీళ్లు మురుగు, ఒకరికి పోలీసు అగ్నిమాపకం, ఒకరికి వీధులు అప్పగిస్తారు. చట్టం చేసేదీ వాళ్లే, అమలు చేసేదీ వాళ్లే. మొదట వీరిలో ముగ్గురిని గవర్నర్ నియమించేలా రాశారు గానీ, న్యాయస్థానాలు ఆక్షేపించడంతో 1903 నుంచి ఐదుగురినీ ఓటర్లే ఎన్నుకున్నారు. సముద్రపు గోడ కట్టడం, ఊరి నేలను ఎత్తు చేయడం వంటి అసాధ్యమనిపించిన పనులు ఆ కాలంలో జరగడంతో గాల్వెస్టన్ పద్ధతికి దేశమంతా పేరొచ్చింది. హ్యూస్టన్ 1905లో దాన్ని తీసుకుంది.

ఆ పద్ధతిలో లోపం త్వరగానే బయటపడింది. ఏ శాఖ కమిషనర్‌కు ఆ శాఖే లోకం. నలుగురు నాలుగు వైపులా లాగుతుంటే పైనుంచి సమన్వయం చేసేవాడు లేడు. వర్జీనియాలోని స్టాంటన్ 1908లో జీతానికి ఒక మేనేజర్‌ను పెట్టుకుంది. సౌత్ కరోలినాలోని సమ్టర్ 1912లో కౌన్సిల్, మేనేజర్ కలిసిన పద్ధతిని చార్టర్‌లోకి ఎక్కించింది. 1913 మార్చిలో ఒహాయోలోని డేటన్ వరదలో మునిగింది, మరుసటి ఏడాదికల్లా ఆ పెద్ద నగరం కూడా మేనేజర్ చేతుల్లోకి వెళ్లింది. మళ్లీ నీళ్లే! అమెరికా నగర పాలన చరిత్రలో రెండు మలుపులూ ఊళ్లు మునిగాకే వచ్చాయన్నది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. నీళ్లు ఇళ్లలోకి వచ్చే దాకా ఎవరూ పాలన పద్ధతి గురించి పట్టించుకోరు.

ఈ వాతావరణంలోనే 1912లో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించారు. ఐదు వేల జనాభా దాటిన ఊరు తన చార్టర్‌ను తానే రాసుకోవచ్చు, తానే సవరించుకోవచ్చు. దానికి మూడు షరతులు పెట్టారు. చార్టర్‌లో గాని ఆర్డినెన్సులో గాని రాష్ట్ర రాజ్యాంగానికీ సాధారణ చట్టాలకూ విరుద్ధమైనది ఏదీ ఉండకూడదు, ఆస్తి పన్ను వంద డాలర్ల విలువకు రెండున్నర డాలర్లు మించకూడదు, రెండేళ్లకు ఒకసారి కంటే ఎక్కువగా చార్టర్‌ను మార్చకూడదు. 1913లో దీనికి అవసరమైన చట్టం వచ్చింది. ఫలితంగా ప్రశ్న తలకిందులైంది. సాధారణ చట్టం కింద ఉన్న చిన్న ఊరు ఏదైనా చేయాలంటే 'ఈ అధికారం ఏ చట్టంలో ఉంది' అని వెతుక్కోవాలి. చార్టర్ ఉన్న ఊరు 'దీన్ని ఏ చట్టం నిషేధించింది' అని మాత్రమే చూసుకుంటుంది. 1990 జనగణనలో ఆరు వేల పైచిలుకు మంది ఉన్న ఫ్రిస్కో అంతకు మూడేళ్ల ముందే, 1987లో, చార్టర్ తెచ్చుకుంది. 2020 నాటికి అక్కడి జనాభా రెండు లక్షలు దాటినా పాలన నడుస్తున్నది ఆ చార్టర్ కిందే.

రోజువారీ వ్యవహారంలో ఇది ఎలా ఉంటుందో ఒక గుంత దగ్గర నిలబడి చూద్దాం. మన దగ్గర కాలనీ రోడ్డు మీద గుంత పడితే కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తాం. ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నో ఏఈనో వెంటబెట్టుకుని వస్తాడు, జేసీబీ పక్కన నిలబడి ఫొటో దిగుతాడు, అదే ఆయనకు ఓటు. కౌన్సిల్-మేనేజర్ చార్టర్లు చాలావాటిలో కౌన్సిల్ సభ్యుడు నగర ఉద్యోగికి నేరుగా ఆదేశం ఇవ్వడమే నిషిద్ధం. సభ్యుడు చెప్పదలచుకున్నది మేనేజర్‌కు చెప్పాలి, మేనేజర్ తన సిబ్బందికి చెబుతాడు. ఫ్రిస్కోలో మేయర్, ఆరుగురు సభ్యులు కలిసి పన్ను రేటు, బడ్జెట్, ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ నిర్ణయిస్తారు. నియామకాలు, అమలు మేనేజర్ పని. కొత్తగా వచ్చినవారికి ఇది చప్పగా, నాయకుడు లేని ఊరిలా అనిపిస్తుంది. పని మాత్రం ఎవరి మొహం చూడకుండా జరుగుతుంది.

పన్ను బిల్లు వచ్చినప్పుడు ఇంకో సంగతి తెలుస్తుంది. ఆస్తి పన్ను వివరాల్లో నగరం ఒక వరుస మాత్రమే; కౌంటీకి ఒక వరుస, కమ్యూనిటీ కాలేజీకి ఒక వరుస, అన్నిటికంటే పెద్దది సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్ వరుస. బడులను నగరం నడపదు, జైలు కౌంటీది, ఇంటి విలువ కట్టేది వేరే అప్రైజల్ డిస్ట్రిక్ట్. చార్టర్ ఎంత బలమైనదైనా అది ఆ ఒక్క వరుసకే పరిమితం.

అన్ని నగరాలూ ఒకే అచ్చులో లేవు. హ్యూస్టన్‌లో మేనేజర్ లేడు, అధికారమంతా మేయర్‌ది. డాలస్‌లో మేయర్‌ను అలా బలపరచాలన్న ప్రతిపాదనను 2005లో ఓటర్లు రెండుసార్లు తిప్పికొట్టారు. వార్డులు తీసేసి ఊరంతా కలిసి ఎన్నుకునే పాత సంస్కర్తల పద్ధతి సమర్థత పేరుతో వచ్చినా, పేద వాడలకూ నల్లజాతివారికీ లాటినోలకూ కౌన్సిల్ తలుపు మూసింది. ఆ తలుపు తెరిచింది ఫెడరల్ కోర్టులే. వాటి ఒత్తిడితోనే 1990ల మొదట్లో డాలస్ పద్నాలుగు డిస్ట్రిక్టులు, ఒక మేయర్ అన్న ఏర్పాటుకు మారింది. 2009లో ఇర్వింగ్ ఎన్నికల విధానం ఓటు హక్కు చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చాక అక్కడ ఆరు డిస్ట్రిక్టులు ఏర్పడ్డాయి. ఊరు స్వయంగా రాసుకున్నంత మాత్రాన చార్టర్ అందరిదీ అయిపోదని ఈ రెండు ఊళ్ల అనుభవం చెబుతుంది.

ఇప్పటి వివాదానికి బీజం 1912 షరతుల్లో మొదటిదే. సాధారణ చట్టానికి విరుద్ధంగా ఉండకూడదన్నారు గాని, ఎంత సాధారణ చట్టం చేయవచ్చో చెప్పలేదు. మద్యం దుకాణాల వివాదంలో 1993లో టెక్సస్ సుప్రీంకోర్టు, నగరం చేతులు కట్టేయాలంటే శాసనసభ ఆ ఉద్దేశాన్ని పొరపాటు పడే వీల్లేనంత స్పష్టంగా చెప్పాలని అంది. అప్పటి నుంచి శాసనసభ చాలా స్పష్టంగా చెబుతూ వచ్చింది. 2014 నవంబరులో డాలస్ దగ్గరి డెంటన్ ఓటర్లు తమ ఊళ్లో ఫ్రాకింగ్‌ను (రాతి పొరలను పగలగొట్టి చమురు, గ్యాసు తీయడాన్ని) నిషేధించగా, ఏడు నెలలు తిరక్కుండానే ఆ అధికారం నగరాలకు లేకుండా చట్టం వచ్చింది. 2018లో లరేడో నగరపు ప్లాస్టిక్ సంచుల నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. పక్క ప్రాంతాలను వారి సమ్మతి లేకుండా కలుపుకునే పాత అధికారం 2017, 2019 చట్టాలతో పోయింది. 2019లోనే, పెద్ద నగరాలు పాత ఆస్తుల మీద నిర్వహణ పన్ను రాబడిని మూడున్నర శాతం కంటే పెంచితే ఎన్నిక తప్పనిసరి చేశారు. అంతకుముందు ఆ హద్దు ఎనిమిది శాతం, అదీ ఓటర్లు పిటిషన్ పెడితేనే. కొత్త ఇళ్లు లెక్కలోకి రావు కాబట్టి ఫ్రిస్కో వంటి పెరుగుతున్న ఊరికి ఇది అంతగా బిగుతు కాదు, నిండిపోయిన ఊళ్లకు మాత్రం ఊపిరాడదు.

2023లో వచ్చిన హౌస్ బిల్లు 2127 వీటన్నిటినీ మించింది. కార్మిక, వ్యవసాయ, బీమా, ఆస్తి వంటి ఎనిమిది చట్ట సంపుటాల పరిధిలోని విషయాలపై రాష్ట్రం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప నగరం నిబంధనలు చేయకూడదంది. ప్రత్యర్థులు దానికి 'డెత్ స్టార్' అని, స్టార్ వార్స్ సినిమాల్లో గ్రహాలను పేల్చేసే ఆయుధం పేరు పెట్టారు. నిర్మాణ కూలీలకు ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాల విరామం ఇవ్వాలన్న ఆస్టిన్, డాలస్ ఆర్డినెన్సులు దీని కింద నలుగుతాయన్న ఆందోళన ఆ ఎండాకాలమంతా వినిపించింది. మన ఊళ్ల నుంచి వెళ్లినవారికి నలభై డిగ్రీల ఎండలో పది నిమిషాల నీడ అంటే ఏమిటో తెలుసు. హ్యూస్టన్ దావా వేసింది, శాన్ ఆంటోనియో, ఎల్ పాసో తోడయ్యాయి, ఆగస్టు చివర జిల్లా న్యాయమూర్తి ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2025 జూలైలో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. నగరాలు చట్టాన్ని మొత్తంగా ఇలా సవాలు చేయడానికి వీల్లేదంది.

అదే సమయంలో చార్టర్‌కు లోపలి నుంచి కూడా కొత్త మెలిక పడింది. 2024 నవంబరులో డాలస్ ఓటర్లు చార్టర్‌లోకి రెండు సవరణలు ఎక్కించారు. అదనపు రాబడిలో కనీసం సగం పోలీసు, అగ్నిమాపక పింఛన్లకూ పోలీసు నియామకాలకూ కేటాయించాలన్నది ఒకటి. నగరం చార్టర్‌ను, ఆర్డినెన్సులను, రాష్ట్ర చట్టాన్ని పాటించకపోతే నివాసులు దావా వేసేందుకు వీలు కల్పించేది రెండోది. ఇక హౌస్ బిల్లు 2127 కింద నగరంపై కోర్టుకెళ్లదలచినవారు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన నగరం తన ఆర్డినెన్సును ఉంచుకోవాలో ఉపసంహరించుకోవాలో ఆ మూడు నెలల్లోనే తేల్చుకోవాలి.