'ఆ తప్పు మళ్ళీ చేయం' అన్నది ఎవరు?

హిరోషిమా శాంతి పార్కులో కమాను ఆకారంలో ఒక స్మారకం ఉంది. కమాను కింద రాతి పెట్టె, అందులో అణుబాంబుకు బలైనవాళ్ల పేర్లు రాసిన పుస్తకాలు. పెట్టె మీద చెక్కిన మాటలివి: 'ప్రశాంతంగా నిద్రపోండి. ఆ తప్పు మళ్ళీ చేయం.' జపాన్ భాషలో ఈ రెండో వాక్యానికి కర్త లేదు. మన తెలుగులో 'చేయం' అన్నా అంతే, అన్నది 'మేము' అనా 'మనం' అనా తేలదు. 1952 ఆగస్టు 6న స్మారకాన్ని ఆవిష్కరించారు. ఆ నవంబరులోనే హిరోషిమా వెళ్లిన మన న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ ఆ మాటలను తప్పుపట్టారు. బాంబు వేసింది జపాన్ వాళ్లు కానప్పుడు ఆ తప్పు వీళ్లెందుకు నెత్తిన వేసుకోవాలన్నది ఆయన బాధ. వాదన ఏళ్ల తరబడి నడిచింది. ఆ వాక్యంలో మాట్లాడుతున్నది మొత్తం మానవజాతి అని చెబుతూ 1983లో అక్కడ ఒక వివరణ ఫలకం పెట్టారు.

జరిగిందేమిటో చాలామందికి తెలుసు. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కి హిరోషిమా మీద, నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తున యురేనియం బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది. హిరోషిమా తర్వాత మూడు రోజులకు రెండో బాంబు పడాల్సింది కోకురా అనే ఊరి మీద. అక్కడ కింద ఏమీ కనిపించక విమానం నాగసాకికి మళ్లింది. 11:02కి ప్లుటోనియం బాంబు పడింది. ఏడాది చివరికి అక్కడ దాదాపు 74,000 మంది పోయారు. ఒక ఊరి మీది మసక ఇంకో ఊరిని మింగేసిందని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చనిపోయినవాళ్లలో కొరియా నుంచి కూలికి తెచ్చినవాళ్లు కూడా వేల సంఖ్యలో ఉన్నారు.

మనకు అంతగా తెలియనిది ఆ తర్వాతి మౌనం. 1945 సెప్టెంబరులో అమెరికా ఆక్రమణ అధికారులు పత్రికల మీద ఆంక్షలు పెట్టారు. కాలిన ఒళ్ల ఫొటోలు, రేడియేషన్ జబ్బుల సంగతులు జనానికి చేరలేదు. 1947లో అమెరికా వాళ్లు పెట్టిన పరిశోధన సంస్థ బాధితులను పరీక్షించేది, రక్తం తీసుకునేది, వైద్యం మాత్రం చేసేది కాదు. కొరియా యుద్ధం మొదలైన 1950లో ఆగస్టు 6 సభనే జరగనివ్వలేదు. బాధితులు కూడా నోరు విప్పడానికి భయపడ్డారు. 'హిబాకుషా' (అణుబాంబు బాధితులు) అని తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోయేవి, ఉద్యోగాలు దొరికేవి కావు. ఆక్రమణ ముగిశాక, 1952 ఆగస్టులో ఒక పత్రిక ఆ ఫొటోలు వేసినప్పుడుగానీ చాలామంది జపాన్ వాళ్లే వాటిని చూడలేదు.

ఆ మౌనాన్ని గట్టిగా బద్దలుకొట్టింది జపాన్‌కు చెందిన ఒక చేపల పడవ. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికిని దీవి దగ్గర అమెరికా 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. హిరోషిమా బాంబుకు అది దాదాపు వెయ్యి రెట్లు. ప్రమాద హద్దుకు బయట ట్యూనా చేపలు పడుతున్న ఆ పడవలోని 23 మంది జాలర్ల మీద తెల్లటి బూడిద రాలింది. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. మార్కెట్లో చేపలు ముట్టుకోవాలంటేనే జనానికి టెన్షన్. టోక్యోలోని సుగినామిలో గృహిణులు, చేపల దుకాణాలవాళ్లు సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. 1955 ఆగస్టుకల్లా దేశమంతటా కలిపి అవి మూడు కోట్లు దాటాయి. ఆ బలంతోనే 1956లో బాధితులు నాగసాకిలో 'నిహోన్ హిదాన్‌క్యో' అనే తమ సంఘం పెట్టుకున్నారు. 2024 నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఆ సంస్థకే.

బికిని పరీక్ష తర్వాత నెలకే, 1954 ఏప్రిల్ 2న, అణు పరీక్షలు ఆపాలని నెహ్రూ మన పార్లమెంటులో కోరారు. అదే దేశం 1974లో, 1998లో పోఖ్రాన్‌లో పరీక్షలు చేసింది. అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందానికి 2017లో 122 దేశాలు ఓటేశాయి. 2021లో అది అమల్లోకి వచ్చింది. అణ్వాయుధాలున్న ఏ దేశమూ అందులో చేరలేదు, మనమూ చేరలేదు. అమెరికా అణు గొడుగు కింద, అంటే దాని అణ్వాయుధాల రక్షణలో ఉన్న జపాన్ కూడా సంతకం పెట్టలేదు. హిబాకుషాలను బాగా బాధపెట్టే సంగతి ఇది. నాకైతే ఆ రాతి మీది వాక్యంలో కర్త చోటు ఇంకా ఖాళీగానే ఉన్నట్టనిపిస్తుంది.

2025 నాటికి బతికున్న హిబాకుషాలు లక్షలోపే. వాళ్ల సగటు వయసు 86 దాటింది. ఏటా ఆగస్టు 6న, గడిచిన ఏడాదిలో చనిపోయినట్టు తేలిన బాధితుల పేర్లు చేర్చి పుస్తకాలను పెట్టెలో ఉంచుతారు. పేర్లు 3,40,000 దాటాయి. మే నెలలో వాటిని బయటికి తీసి ఒక్కో పేజీ తిప్పుతూ గాలికి ఆరబెడతారు. అందులో ఒక పుస్తకం పేరు తెలియకుండా పోయినవాళ్లది. దాన్నీ మిగతావాటితో పాటు ఆరబెడతారు.